నాలుగో సాక్షికి రిటర్న్ టికెట్

బస్సులో పక్కన కూర్చున్న మనిషి దిగబోతూ, "సారీ అండీ, కాలు తొక్కానా?" అన్నాడు.

మూడో సాక్షి పర్లేదన్నట్టు నవ్వాడు. రెండు స్టాపులు దాటాక కూడా ఆ నవ్వు ముఖం మీద అలాగే ఉంది. ప్రాణం మాత్రం లేదు.

అప్పుడు టైం ఉదయం ఎనిమిదీ పది.

ఎనిమిదీ నలభైకి తూనికలు, కొలతల ఆఫీసు వెనక మెట్లు దిగి, 'పాత రికార్డులు' అని బోర్డున్న తలుపు తోసుకుని ఒక మనిషి లోపలికి వచ్చాడు. నలభై రెండేళ్ళుంటాయి. చూసిన పది నిమిషాలకే మర్చిపోయే ముఖం. గూఢచారికి అంతకన్నా మంచి ముఖం అక్కర్లేదు. డిపార్ట్‌మెంటులో అతన్ని 'తాళం' అంటారు. పద్దెనిమిదేళ్ళ సర్వీసులో అతని నోట్లోంచి ఒక్క రహస్యం బయటికి పొక్కలేదు. ఆ పేరంటే అతనికి లోలోపల గర్వం కూడా.

"కూర్చోవోయ్," అన్నాడు చీఫ్. అందరూ ఆయన్ని పెద్దాయన అంటారు. "మూడో సాక్షిని లేపేశారు. మడమ పైన సూది చుక్క. డెంటిస్ట్ ఊళ్ళోకి దిగాడు."

సరిహద్దు అవతల జనరల్ ఏలుతున్న దేశానికి నంబర్ వన్ హంతకుడు డెంటిస్ట్. నొప్పి తెలియకుండా పని కానిస్తాడని ఆ పేరు. అతని ముఖం చూసి బతికినవాళ్ళు ఈ ఆఫీసులో లేరు.

"మధ్యాహ్నం సరిగ్గా పన్నెండు గంటలకు మన విదేశాంగ మంత్రి అంతర్జాతీయ మానవ హక్కుల సభలో మాట్లాడతారు," పెద్దాయన మ్యాప్ మీద కర్ర ఆనించాడు. "జనరల్ జైళ్ళలో జరిగే చిత్రహింసల గుట్టు రట్టు చేస్తారు. నలభై దేశాల ప్రతినిధులుంటారు. లైవ్ టీవీ. ఆ స్పీచ్ మొత్తం నలుగురు సాక్షుల మీద నిలబడి ఉంది. ఇద్దరు పోయినేడాదే పోయారు. ఇవాళ మూడోవాడు. ఇక మిగిలింది..."

"నర్సు."

"నువ్వు తెచ్చిన నర్సే. పన్నెండు దాకా ఆమె ప్రాణం నీ పూచీ."

"పన్నెండు తర్వాత, సార్?"

పెద్దాయన కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు. "ముందు పన్నెండు కానియ్."

రెండేళ్ళ కిందట రొట్టెల వ్యాన్‌లో, పిండి బస్తాల వెనక కూర్చోబెట్టి ఆమెను సరిహద్దు దాటించింది తాళమే. ఆమె జనరల్ జైలు ఆసుపత్రిలో నర్సు. మూడు వందల పన్నెండు మంది ఖైదీల గాయాలు రాసిన రిజిస్టర్‌ను లంగా అంచులో కుట్టుకుని తెచ్చింది. దారి పొడవునా ఆమె ఏడవలేదు, నీళ్ళు కూడా అడగలేదు. వ్యాన్ దిగాక మాత్రం, "అన్నయ్యా, ఇక భయం లేదా?" అంది.

"లేదమ్మా. ఈ దేశం నిన్ను చూసుకుంటుంది," అన్నాడు తాళం. తర్వాత ఏ ఏజెంటైనా చెప్పే మాటే చెప్పాడు. కొత్త పేరు ఇచ్చాడు. బట్టల కొట్లో సేల్స్ గర్ల్‌గా పనిచేసేదాన్నని చెప్పుకోమన్నాడు. "జైలు సంగతి, రిజిస్టర్ సంగతి, నా సంగతి ఎవరడిగినా చెప్పకు. ఎవరడిగినా సరే."

ఆమె అతని చేతిలో చెయ్యి వేసి మాట ఇచ్చింది.

గాడ్జెట్లు తయారుచేసే మెకానిక్ అతని కోటుకు ఒక గుండీ కుట్టాడు. "ట్రాన్స్‌మిటర్ మూడో గుండీలో ఉంది బాబూ, గుర్తుపెట్టుకోండి. పోయినసారి మీరు అరగంట సేపు రెండో గుండీతో మాట్లాడారు. అది మామూలు గుండీ."

తొమ్మిదీ పావుకు భుజాన టూల్ బ్యాగ్, తల మీద టోపీతో గ్యాస్ కంపెనీ మనిషొకడు నర్సు ఉంటున్న ఇంటి తలుపు తట్టాడు.

"మీటర్ చూడాలండీ."

"మీటర్ కిందే ఉంది కదా బాబూ. పైకెక్కుతావేం?" అంది ఇంటావిడ.

"లీకవుతున్న వాసన వస్తోంది."

"ఇరవయ్యేళ్ళుగా ఇక్కడున్నాను, నాకు రాని వాసన నీకొచ్చిందా! మహా గొప్ప ముక్కు."

పై గది తలుపు తీసే ఉంది. గ్లాసులో టీ సగం తాగి వదిలేసి ఉంది, చల్లారిపోయింది. మంచం మీద దుప్పటి నాలుగు మూలలా ఆసుపత్రి పద్ధతిలో, కత్తితో కోసినట్టు మడిచి ఉంది. సేల్స్ గర్ల్ ఎవరూ దుప్పటి అలా మడవరు. ఆ సంగతి చెప్పడం తను మర్చిపోయాడు.

"ఆ అమ్మాయా? ఏడింటికే ఇద్దరొచ్చి తీసుకుపోయారు," అంది ఇంటావిడ వెనకాలే మెట్లెక్కి వచ్చి. "చాలా మర్యాదస్తులు. ఒకాయన సంచి కూడా మోశాడు."

తాళం ఆమె వైపు తిరిగాడు. "ఏమైనా చెప్పిందా?"

"నా చెయ్యి పట్టుకుని, 'మా అన్నయ్య వస్తే, మాట తప్పలేదని చెప్పండమ్మా' అంది." ఇంటావిడ కళ్ళు చిన్నవి చేసుకుని చూసింది. "నువ్వేనా ఆ అన్నయ్యవి?"

"కాదండీ. గ్యాస్."

మెట్లు దిగుతూ టోపీ తీసి బ్యాగులో కుక్కాడు.

తొమ్మిదీ యాభైకి పెద్ద డిపార్ట్‌మెంటల్ స్టోర్ మూడో అంతస్తులో, నిలువుటద్దాల సెక్షన్‌లో, తెల్ల మీసాల రిటైర్డ్ మిలిటరీ మనిషి చేతికర్ర ఊపుకుంటూ తిరుగుతున్నాడు. ఆ మీసాలు అంటుకుని పావుగంట కాలేదు.

"ఈ అద్దం వంకరగా చూపిస్తోందే," అన్నాడు గొణుగుతూ.

"అద్దం బాగానే ఉందండీ. గోడే వంకర," అంది పక్కనున్న యువతి.

నెమలి! జనరల్ ఎంబసీలో సాంస్కృతిక కార్యదర్శి. నెమలికంఠం రంగు పట్టు గౌను, మోచేతుల దాకా గ్లవ్స్, గది మొత్తం తల తిప్పి చూసే నడక. పగలు జనరల్ జీతం తింటూ, తీరిక దొరికినప్పుడు తాళం డిపార్ట్‌మెంటుకు వార్తలు చేరవేస్తుంది. ఎవరికి నిజం చెబుతుందో ఎవరికి అబద్ధం చెబుతుందో ఆమెకే సరిగ్గా గుర్తుండదని పెద్దాయన అంటూంటాడు.

"మీవాళ్ళు నర్సును ఎక్కడ దాచారు?" అన్నాడు తాళం టోపీ సర్దుకుంటున్నట్టు నటిస్తూ.

నెమలి అద్దంలోనే అతన్ని చూసి నవ్వింది. "మావాళ్ళా? భలేవారే. తీసుకెళ్ళింది మీవాళ్ళు."

"వేళాకోళం వద్దు."

"వేళాకోళమైతే నవ్వేదాన్ని గట్టిగా. ఆశ్రయం ఇవ్వమని ఆమె పెట్టుకున్న అర్జీని మీ ఆశ్రయ శాఖ కొట్టేసింది. పన్నెండూ పది విమానంలో మా దేశానికి పంపేస్తున్నారు. డెంటిస్ట్ తుపాకీ తేలేదు, ఏజెంట్ గారూ. రిటర్న్ టికెట్ తెచ్చుకున్నాడు. ఆమె పక్క సీటే. పద్నాలుగు బి."

"సీటు నంబరు మీకెలా తెలిసింది?"

"మీరే పంపారుగా! మనుషుల్ని వెనక్కి పంపే ఒప్పందం ఉంది మన రెండు దేశాలకీ. ఏడు రోజుల ముందు ప్యాసింజర్ లిస్టు మాకు పంపాలి. మీ ఆఫీసు ఎప్పుడూ ఒక్క రోజు ఆలస్యం చెయ్యదు, ఆ విషయంలో మెచ్చుకోవాలి."

"మరి మూడో సాక్షిని బస్సులో ఎందుకు చంపారు?"

"అతని కేసు ఇంకా పెండింగ్‌లో ఉంది." నెమలి గ్లవ్ వేలు సరిచేసుకుంది. "మీరు తేల్చని వాళ్ళకే మాకు శ్రమ. తేల్చేసిన వాళ్ళను మీరే తెచ్చి అప్పగిస్తారు. పన్నెండింటికి మీ మంత్రి మమ్మల్ని తిడతాడు. పన్నెండూ పదికి మీ విమానం మాకు మనిషిని తెచ్చి ఇస్తుంది. తిట్లంటారా, అవి మాకు అలవాటే."

తాళం అద్దంలోకి చూశాడు. దొంగ మీసాల కింద అతని ముఖం ఎర్రగా కందిపోయింది. శత్రుదేశపు మనిషి ముందు తల దించుకోవడం అతని సర్వీసులో ఇదే మొదటిసారి.

పదీ నలభైకి ఆశ్రయ శాఖలో ఏడో నంబరు గది. బెంచీల మీద జనం కాగితాలు పొట్టకు హత్తుకుని కూర్చున్నారు. తాళం వేషం తీసేసి, అసలు ఐడీ కార్డు బల్ల మీద పెట్టాడు. కేసు చూసిన ఆఫీసర్ సన్నగా, నిద్ర చాలని కళ్ళతో ఉన్నాడు. ఫైలు తీసి చదివాడు.

"దరఖాస్తుదారు బట్టల కొట్లో సేల్స్ గర్ల్. ఆమెకు ఫలానా వాళ్ళ వల్ల ప్రమాదమని ఏ ఆధారమూ లేదు. ఆ దేశంలో సామాన్య పౌరులకు చెప్పుకోదగ్గ ముప్పు లేదు. కాబట్టి తిరస్కరించడమైనది."

"ముప్పు లేదా? ఎవరు చెప్పారు?"

"విదేశాంగ శాఖ నివేదిక. వాళ్ళ భవనం నాలుగో అంతస్తు నుంచి వస్తుంది."

మంత్రి స్పీచ్ రాసింది అదే భవనం ఐదో అంతస్తులో.

"ఆమె సేల్స్ గర్ల్ కాదు. జైలు నర్సు. మూడు వందల పన్నెండు మంది గాయాలు రాసిన రిజిస్టర్ తెచ్చింది. అది మంత్రి గారి బీరువాలో ఉంది."

ఆఫీసర్ ఫైలు మూసేశాడు.

"నేను మూడుసార్లు అడిగానండీ," అన్నాడు. "ఇంకేమైనా చెప్పాలని ఉందా తల్లీ, ఇక్కడ చెప్పింది బయటికి పోదు అన్నాను. మూడుసార్లూ 'ఉంది గానీ చెప్పకూడదండీ' అంది. ఎందుకని అడిగితే, మాటిచ్చాను అంది. ఎవడో చెప్పొద్దన్నాడట. ఆ పుణ్యాత్ముడెవడో గానీ, ఆ పిల్ల కొంప ముంచాడు."

తాళం తల ఎత్తలేకపోయాడు. ఆశ్రయం ఇచ్చే ఆఫీసర్ దగ్గర మాత్రం నిజం చెప్పాలని ఆమెకు చెప్పడం అతనికి తట్టనే లేదు. తాళం వెయ్యడం తప్ప అతనికి వేరే విద్య రాదు.

"ఇప్పుడు ఆపండి."

"నా చేతుల్లో లేదు. ఆమెకు అక్కడ ప్రమాదం ఉందని విదేశాంగ శాఖ ఒక్క లెటర్ ఇస్తే ఈ నిమిషమే ఆపుతాను. ఒక్క లైను చాలు."

తాళం కారిడార్‌లోకి పరిగెత్తి మూడో గుండీ నొక్కాడు. పెద్దాయన నాలుగు నిమిషాలు లైన్‌లో ఉండమన్నాడు. తిరిగి వచ్చినప్పుడు గొంతులో పస లేదు.

"ఇవ్వరట."

"సార్, పన్నెండింటికి ఆయన చదవబోయే మాటలే కదా! అవే కాగితం మీద పెట్టి..."

"స్పీచ్ వేరు, లెటర్ వేరు అంటున్నారోయ్. ఒక్కరికి ప్రమాదముందని రాసిస్తే, ఆ దేశం నుంచి వచ్చిన ఆరు వందల మందికీ రాసివ్వాలి. వెనక్కి పంపే ఒప్పందం బుట్టదాఖలవుతుంది."

"మరి నాలుగో సాక్షి చచ్చిపోతే స్పీచ్ ఏం కాను?"

"రిజిస్టర్ మన దగ్గరే ఉందిగా." పెద్దాయన గొంతు మరీ తగ్గిపోయింది. "సాక్ష్యం ఉంటే చాలట. సాక్షి అక్కర్లేదట. నా మాటలు కావోయ్ ఇవి. నన్నలా తిట్టుకోకు."

పదకొండూ నలభై ఐదు. ఎయిర్‌పోర్ట్. పసుపు జాకెట్, చెవులకు హెడ్‌ఫోన్లతో గ్రౌండ్ ఇంజినీర్ వేషంలో తాళం తొమ్మిదో గేటు చేరాడు. అక్కడ సెలవులకు వెళ్ళేవాళ్ళ హడావిడి లేదు. కిటికీలకు తెరలు దించిన విమానం, గేటు దగ్గర పన్నెండు మంది, ఒక్కొక్కరికీ ఇద్దరేసి ఎస్కార్ట్‌లు. అందరికన్నా వెనక నర్సు. చేతిలో గుడ్డ సంచి. ఆమెకు మూడు గజాల దూరంలో బూడిద రంగు సూటు మనిషి పిప్పరమెంటు చప్పరిస్తూ నిలబడ్డాడు. మెత్తని నవ్వు ముఖం. 'డెంటల్ కుర్చీలు, పరికరాలు' అని అతని బ్రీఫ్‌కేస్ మీద స్టిక్కరు.

లాంజ్ టీవీలో సరిగ్గా పన్నెండు గంటలకు మంత్రి మైకు ముందుకు వచ్చాడు.

"మానవత్వం ఎక్కడ విలపిస్తే అక్కడ మా దేశం గొంతు విప్పుతుంది! వినండి, నాలుగో సాక్షి మాటలు." మంత్రి కాగితం ఎత్తాడు. "'ఆ గదిని రోజూ నేనే కడిగేదాన్ని. వేడినీళ్ళతోనే కడగాలని ఆర్డరు. చన్నీళ్ళతో మరకలు పోవు. మూడో నెల నుంచి వేడినీళ్ళ చప్పుడు వింటే నాకు వాంతి వచ్చేది.'"

సభ దద్దరిల్లేలా చప్పట్లు.

నర్సు నడుస్తున్నదల్లా ఆగిపోయి టీవీ వైపు తిరిగింది. తన మాటలు తనే గుర్తుపట్టింది. ఎస్కార్ట్ ఆమె మోచెయ్యి మెల్లగా తోశాడు, "నడవమ్మా, తలుపు మూసేస్తారు." అప్పుడే ఆమె చూపు పసుపు జాకెట్ మీద పడింది. ఏ వేషంలో ఉన్నా ఆమె ఒక్కతే అతన్ని గుర్తుపడుతుంది.

ఆమె పిలవలేదు. మాటిచ్చింది కాబట్టి ముఖం తిప్పుకుని, ఎవరో తెలియనట్టు విమానం మెట్లెక్కింది.

అతనికి తల కొట్టేసినట్టయింది.

పన్నెండూ ఐదు. పద్దెనిమిదేళ్ళలో నేర్చిన విద్యలన్నీ వరసగా తిరగేశాడు. పైలట్‌కు మత్తు పెడితే ఇంకో పైలట్ వస్తాడు. బాంబు ఉందని ఫోన్ చేస్తే సాయంత్రానికి వేరే విమానం. డెంటిస్ట్‌ను కాల్చేస్తే అవతల దిగేచోట ఇంకొక డెంటిస్ట్. ఆమెను పంపుతున్నది ముఠా కాదు. ఒక కాగితం. కాగితాన్ని ఆపాలంటే ఇంకో కాగితమే కావాలి.

అతని చెయ్యి లోపలి జేబులోకి పోయింది. ప్రతి ఫీల్డ్ ఏజెంట్ దగ్గరా తప్పనిసరిగా ఉండాల్సిన చిన్న పుస్తకం. ఫారం తొమ్మిది, లేత ఎరుపు కాగితాలు. శత్రుదేశపు గూఢచారి అని అనుమానం వస్తే ఎవరినైనా అక్కడికక్కడ అదుపులోకి తీసుకునే ఉత్తర్వు. దాని మీద సంతకం పడితే కోర్టైనా, మంత్రైనా, విచారణ ముగిసేదాకా ఆ మనిషిని దేశం దాటించలేరు.

పన్నెండూ ఎనిమిది. తలుపు మూయబోతున్న ఎయిర్‌హోస్టెస్ చేతి కింద నుంచి దూరి పద్నాలుగో వరస దగ్గర నిలబడ్డాడు.

"నేషనల్ సెక్యూరిటీ! ఈమెను అరెస్టు చేస్తున్నాను. జనరల్ గూఢచారి అని అనుమానం."

నర్సు ముఖం పాలిపోయింది. ఎస్కార్ట్ లేచాడు. "ఆధారం ఉందా సార్?"

"ఈ ఫారానికి ఆధారం అక్కర్లేదు. అనుమానం చాలు."

పక్క సీట్లోని బూడిద సూటు మనిషి పిప్పరమెంటు బుగ్గకు నొక్కిపెట్టాడు. అతని బాస్‌కు విమానం దిగగానే ఆమె కావాలి. నిమిషంలో పని చేజారిపోతోంది. పద్నాలుగేళ్ళ వృత్తిలో మొదటిసారి తొందరపడ్డాడు.

"ఏదో పొరపాటు పడుతున్నారండీ," అన్నాడు మెత్తగా నవ్వుతూ. "ఈవిడ గూఢచారి ఏమిటి! జైలు ఆసుపత్రిలో నర్సు. అంతే."

విమానంలో అందరూ అతని వైపు తిరిగారు.

"రాసుకో," అన్నాడు తాళం ఎస్కార్ట్‌తో. "మన ఆశ్రయ శాఖ రెండేళ్ళలో కనిపెట్టలేనిది, డెంటల్ కుర్చీలు అమ్ముకునే పెద్దమనిషికి ఎలా తెలిసిందో అడుగుదాం."

డెంటిస్ట్ చెయ్యి బూటు వైపు జారింది. తాళం మోకాలు అంతకన్నా ముందే ఆ మణికట్టును సీటు చేతికి నొక్కేసింది. బూటు కొసన సన్నని సూది తళుక్కుమంది. పొద్దున బస్సులో ఒకడి కాలు తొక్కిన బూటు అదే.

పన్నెండూ తొమ్మిది దాటి నలభై సెకన్లకు ఇద్దరినీ దింపేశారు.

మెట్ల కింద నర్సు అతని వైపు తిరిగి, "నేను ఎవరికీ చెప్పలేదన్నయ్యా. నన్నే అనుమానిస్తున్నావా?" అంది.

"లేదమ్మా." ఆమె కళ్ళలోకి చూడాలంటే అతనికి ముఖం చెల్లలేదు. "ఇక చెప్పు. ఎవరడిగినా చెప్పు. నా పేరు కూడా చెప్పు. చెప్పొద్దన్నది నా తప్పు."

విమానం రన్‌వే మీద పరిగెత్తి పైకి లేచింది. అప్పుడు చూసుకున్నాడు చేతిలో పుస్తకాన్ని. ఇరవై ఫారాలున్న పుస్తకంలో ఒక్కటే చింపాడు. విమానంలో ఇంకా పదకొండు మంది ఉన్నారు. వాళ్ళు ఏం కడిగారో, వాళ్ళ ఒళ్ళు ఏం మోసిందో ఏ మంత్రీ రాసుకోలేదు. అతనికి మాత్రం వాళ్ళ ముఖాలు కనిపించాయి, గేటు దగ్గర వరసలో, స్పష్టంగా. అప్పుడు చేతిలో ఐదు నిమిషాల టైం ఉంది. పందొమ్మిది కాగితాలున్నాయి. ఒక్క పేరు కూడా అడగాలని తోచలేదు.

ఇప్పుడు నర్సుకు కిటికీ ఉన్న గది, రోజూ వచ్చే డాక్టరు, ప్రభుత్వం పెట్టిన లాయరు దొరికారు. శరణు కోరినవాళ్ళకు ఇవేవీ ఉండవు. శత్రువులకు చట్టప్రకారం ఇవ్వాలి. ఆమె రెండు రోజులు ఆపకుండా మాట్లాడింది. ఆ వాంగ్మూలం మొదటి పేజీకి సాక్షిగా తాళం తన అసలు పేరుతో సంతకం పెట్టాడు. ఆ సంతకంతో అతని రహస్య ఉద్యోగం ముగిసింది.

పెద్దాయన వచ్చి పక్కన కూర్చున్నాడు. "మంత్రి గారి స్పీచ్‌కు నాలుగు నిమిషాల చప్పట్లట. ఆ పదకొండు మంది గురించి అడిగానోయ్. అటు నుంచి జవాబు లేదు." తర్వాత, "నీ నర్సు సంగతి ఏమవుతుందని భయపడుతున్నావా?" అన్నాడు.

"లేదు సార్. ఆమె శత్రువు కాదని తేల్చేదాకా కదిలించకూడదుగా. మన డిపార్ట్‌మెంటు ఇంతవరకు ఎవరినీ పదేళ్ళకు ముందు తేల్చలేదు. ఈ ప్రభుత్వం మీద నాకు ఆ ఒక్క నమ్మకం మిగిలింది."